ఫొటో ఎవరింటికి చేరింది?

సంక్రాంతికి ఇంకా అయిదు రోజులున్నాయి. బాచుపల్లిలో మేముండే అపార్టుమెంటు డాబా మీద పొద్దున్నే చాపలు వేసి, వాటి మీద ఉతికిన పాత పంచెలు పరిచి, అమ్మా, పెద్దమ్మా, పక్క ఫ్లాట్ల వాళ్లు ఇద్దరూ సకినాలు చుడుతున్నారు. దుండిగల్ వైమానిక అకాడమీ శిక్షణ విమానం ఒకటి నెత్తి మీదుగా తిరిగి వెళ్లింది. నీళ్ల ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని మా చిన్నాయన కూర్చున్నాడు. జనగామలో ముప్పై నాలుగేళ్లు ఫొటో స్టూడియో నడిపిన మనిషి. నేను వారమంతా గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, సెలవు దొరికితే కెమెరా సంచి భుజాన వేసుకుని ఊళ్లు తిరుగుతాను. దీపావళికి ఆదిలాబాద్ గోండు గూడేల్లో తీసిన దండారి, గుస్సాడి ఫొటోలు ల్యాప్‌టాప్‌లో చూపిస్తూ, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు కూడా వెళ్తున్నానని ఆయనతో చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన ఒక ప్రశ్న అడిగాడు. మధ్యాహ్నం దాకా సాగిన మా వాదన అక్కడ మొదలైంది.

చిన్నాయన: ఈ నెమలి ఈకల కిరీటం పెట్టుకున్నాయన పేరేంది బిడ్డా?

నేను: పేరు తెలియదు చిన్నాయనా. ఆ గూడెంలో పది పన్నెండు మంది గుస్సాడీలు ఉన్నారు. వెలుగు బాగా పడిందని ఈయన్ని తీశాను. ఒంటికి పూసుకున్న బూడిద మీద మంట వెలుగు చూడు, గీత గీతా కనిపిస్తోంది.

చిన్నాయన: వెలుగు మంచిగనే పడ్డది. తీసుడు నీకొచ్చు, దాంట్ల అనుమానం లేదు. గుమ్మం కాడ నిలబడ్డ ఈ ముసలమ్మ?

నేను: తెలియదు.

చిన్నాయన: పొయ్యి ముంగట కూసున్న ఈ పిల్ల?

నేను: తెలియదు. మూడు రోజుల్లో రెండు వేల ఫొటోలు తీశాను. అందరి పేర్లూ అడుగుతూ కూర్చుంటే పండుగ అయిపోతుంది.

చిన్నాయన: రెండు వేలు తీసుడు కుదిరింది గని ఇరవై పేర్లు అడుగుడు కుదరలే. నువ్వు వాళ్ల పండుగకు పోయినవ్, వాళ్ల వాకిట్ల నిలబడ్డవ్, వాళ్లు పెట్టింది తిన్నవ్, వాళ్ల మొఖాలు తెచ్చుకున్నవ్. వాళ్లకేమిచ్చి వచ్చినవ్?

నేను: గుర్తింపు ఇచ్చాను. ఫొటోలే లేకపోతే గుస్సాడి అంటే ఏమిటో హైదరాబాదులో ఎంతమందికి తెలిసేది? మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన చనిపోతే రాష్ట్రమంతా తలుచుకుంది. నెమలి ఈకల కిరీటంతో ఆయన రూపం జనం కళ్లలో నిలిచింది ఫొటోల వల్లనే కదా!

చిన్నాయన: నిజమే. అయితే ఆయన ఫొటో కింద ఆయన పేరున్నది. ఊరి పేరు సుత ఉన్నది. నీ ఫొటో కింద ఏం రాసినవ్?

నేను: ‘ఆదిలాబాద్ గిరిజన నర్తకుడు’ అని.

చిన్నాయన: ఆ దినాలల్ల ఆయన దీక్షల ఉన్న మనిషి బిడ్డా. పండుగ ఒడిసేదాక తానం చెయ్యరు. దేవుడు మీదికి వచ్చిండని ఊరోళ్లు కాళ్లు మొక్కుతరు. ‘నర్తకుడు’ అంటే గా దీక్ష యాడ పోయింది, గా మొక్కు యాడ పోయింది? నువ్వు రాసిన ఒక్క మాటల మనిషీ పోయిండు, దేవుడూ పోయిండు.

నేను: ఆ మాట తప్పే, మార్చుకుంటాను. కానీ పేరు లేనంత మాత్రాన ఫొటో చేసే మేలు ఆగదు. 1936లో అమెరికాలో డొరోతియా లాంజ్ అనే ఆమె, కాలిఫోర్నియాలో బఠానీ కోతకు వచ్చిన కూలి తల్లిని తీసింది. చంటిబిడ్డ ఒడిలో, ఇద్దరు పిల్లలు చెరో భుజం మీద మొహం దాచుకుని ఉంటారు. ఆ ఫొటో పత్రికలో రాగానే ప్రభుత్వం ఆ కూలీల శిబిరానికి తిండి గింజలు పంపింది. ఆ తల్లి పేరు అప్పుడెవరికీ తెలియదు. మేలు జరిగిందా లేదా?

చిన్నాయన: శిబిరానికి జరిగింది. ఆ తల్లికి జరిగిందా?

నేను: తిండి వచ్చేసరికి ఆమె కుటుంబం ఆ చోటు వదిలి వెళ్లిపోయింది.

చిన్నాయన: పేరు ఎప్పుడు తెలిసింది?

నేను: 1978లో. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆ ఫొటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడింది.

చిన్నాయన: నలభై రెండేండ్లు. ఇంకొకామె ఉన్నది, ఆకుపచ్చ కండ్ల అఫ్ఘాన్ పిల్ల. ఆ ముఖచిత్రం మా స్టూడియో గోడకు సుత అతికించుకున్న. స్టీవ్ మెక్‌కరీ 1984ల పాకిస్తాన్ కాందిశీకుల శిబిరంల తీసిండు, 1985 జూన్‌ల నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద వచ్చింది. షర్బత్ గులా అని పేరు తెలిసింది 2002ల. ప్రపంచమంత ఆ కండ్లు చూసినంక, పదిహేడేండ్లకు ఆమె తన ఫొటో తాను చూసుకున్నది. గా గోడ మీది బొమ్మను నేను రోజూ చూస్తుంటి. ఆమె ఇంట్ల అది లేదన్న సంగతి నాకు ఒక్కనాడూ తట్టలే.

నేను: ఇందులో మోసం ఏముంది చిన్నాయనా? చట్టం కూడా హక్కు ఫొటో తీసినవాళ్లకే ఇస్తుంది. 1957 కాపీరైట్ చట్టం చూడు, ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషే.

చిన్నాయన: అదే చట్టంల 17వ సెక్షన్ చూసినవా? మా ఫొటోగ్రాఫర్ల మీటింగ్‌ల ఒక వకీలు చదివి చెప్పిండు. ఒక మనిషి పైసలిచ్చి, నా ఫొటో తియ్యుమని తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కు ఆ తీయించుకున్న మనిషిది. మా స్టూడియో బతుకంత గా ముక్క మీదనే నడిచింది. పెండ్లయిన జంట వచ్చేది, కాలేజీకి పోయే పిలగాడు వచ్చెటోడు. తీసిన ఫొటో వాళ్లింటికి పోయేది. ఫ్రేము కట్టి గోడకు పెట్టుకునెటోళ్లు. నా దగ్గర నెగెటివ్ ఒక్కటి మిగిలేది. ఇప్పుడేమో ఫొటోలన్ని తీసినోళ్ల ఇంటికి వస్తున్నయి. మొఖమిచ్చినోళ్ల ఇంట్ల ఏమీ ఉండదు. నాకు కనబడుతున్న తేడా గిదే.

నేను: నీ స్టూడియో గురించే మాట్లాడదాం. మన ఇంట్లో నానమ్మ ఫొటో ఒక్కటే ఉంది. నువ్వు తీసిందే. వెనక రంగుల తెర, దాని మీద తోట, మెట్లు, పూలకుండీ. పట్టుచీర, మోకాళ్ల మీద చేతులు, కెమెరాలోకి చూస్తున్న కళ్లు. నానమ్మ బతికున్నప్పుడు ఒక్కసారైనా అలా కూర్చుందా?

చిన్నాయన: కూసోలే.

నేను: ఆ చేతులు రోజంతా పనిలోనే ఉండేవి కదా. సంక్రాంతికి అయిదు కుంచాల బియ్యం సకినాలు చుట్టేదని అమ్మ చెబుతుంది. ఆ చేతుల ఫొటో ఏది?

చిన్నాయన: లేదు బిడ్డా. అప్పుడు నా దగ్గర యాషికా కెమెరా ఉండె. రోలుకు పన్నెండు ఫొటోలు. ఊటీల హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ వాళ్లు చేసిన ఇందు ఫిల్మైనా సరే, పన్నెండే. గా పన్నెండుల ఒకటి పిండి కలిపే చేతుల మీద ఎవరు పెడతరు? పెండ్లికి ఇన్ని, పాసుపోర్టుకు ఇన్ని అని లెక్క. ఇంటి పని, వంట పని ఫొటోకు పనికొచ్చేదే కాదనుకున్నం. మా అమ్మ కండ్ల ముందరే పండుగ పండుగకు చుట్టింది. నేను పక్కనే ఉన్న, మెడల కెమెరా ఉన్నది. తియ్యలే. నా కెమెరా గురించి నీకు ఫిర్యాదుంటే గిది పెట్టు, నేను ఒప్పుకుంట.

నేను: అదే నా వాదన. స్టూడియో మనిషికి తన ఫొటో ఇచ్చింది, ఆ మనిషి బతుకును మాత్రం బయటే ఉంచింది. మాలాంటి వాళ్లు బయటికి వచ్చి బతుకును తీస్తున్నారు. అదిగో, ఇప్పుడు కూడా సకినాలు తీస్తాను.

చిన్నాయన: ఆగు. ఏం తీస్తవు?

నేను: పంచె మీద వరసగా పరిచిన సకినాలు. పై నుంచి తీస్తే తెల్లటి చుట్టలు భలే వస్తాయి.

చిన్నాయన: కెమెరా పక్కన పెట్టి ముందు ఒక్కటి చుట్టు.

(అమ్మ నా చేతిలో పిండిముద్ద పెట్టింది. కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఉండగానే పట్టించిన పిండి. అందులో నువ్వులు, వాము, ఉప్పు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండిని సన్నగా మెలితిప్పుతూ, తాడులా జారవిడుస్తూ, చిన్న చుట్టు చుట్టూ పెద్ద చుట్టు వేసుకుంటూ పోవాలి. నా చేతిలో మొదటి చుట్టు సగానికే తెగింది. రెండోది కూడా తెగింది. “పిండి ఆరుతున్నది, నీళ్లు చిలకరించు” అంది పెద్దమ్మ. చిలకరిస్తే ఈసారి జారిపోయింది. ఆమె నా చేతిలోని ముద్దను ఒక్కసారి నొక్కి చూసి, తన అరచేయి తడి చేసుకుని మళ్లీ పిసికి ఇచ్చింది. అప్పుడు నిలిచింది. మూడు చుట్ల సకినం, కాస్త వంకరగా.)

చిన్నాయన: ఇప్పుడు చెప్పు, ఫొటో యాడున్నది?

నేను: పెద్దమ్మ అరచేతిలో ఉంది. ఆ తడిలో ఉంది. బొటనవేలి చివరన పిండి మెలిక పడే చోట ఉంది. పరిచిన సకినాల వరసలో కాదు.

చిన్నాయన: తెలిసినంక కన్ను చోటు మార్చుకుంటది. ఇప్పుడు తియ్యి. ముందు అడుగు.

(అడిగాను. “నా చెయ్యెందుకే, ముడతలు పడ్డది” అంది పెద్దమ్మ. ముడతలున్నందుకే అన్నాను. నవ్వి, చెంగుతో చేయి తుడుచుకోబోయి, పిండి ఉండాలేమోనని తుడుచుకోకుండా ఉంచింది. ఏడు ఫొటోలు తీశాను. సకినాలు గంటసేపు ఆరి, సన్నటి రేకుతో పైకెత్తి నూనెలో జారవిడిచేదాకా అక్కడే ఉన్నాను. ఎర్రబడకుండా తెల్లగా ఉండగానే తీయాలని, ఎర్రబడితే నువ్వుల రుచి మాడుతుందని అప్పుడు తెలిసింది.)

చిన్నాయన: పండుగ తిండి గురించి ఇంకో మాట. బతుకమ్మ తొమ్మిది దినాల పేర్లు చెప్పు.

నేను: ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల బతుకమ్మ.

చిన్నాయన: చాన వరకు తిండి పేర్లే. ఆ దినం నైవేద్యమే ఆ దినం పేరు. మరి ఆరో నాడు ఏం పెడతరు?

నేను: ఏమీ పెట్టరు. అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యమూ లేదు.

చిన్నాయన: ఊరు తెల్వనోడు ఆరో నాడు వస్తే ‘ఈడ ఏం లేదు’ అని కెమెరా మూసుకొని పోతడు. ఊరు తెలిసినోడు గా ఉత్త వాకిలినే తీస్తడు. మా వరంగల్ భరత్ భూషణ్ గట్ల తీసినోడు. బతుకమ్మను, తెలంగాణ పల్లె ఇండ్లను, వాకిండ్లను, పని చేసుకునే ఆడోళ్లను ఏండ్లకేండ్లు తిరిగి తీసిండు. 2022 జనవరి 31న పోయిండు. బతుకమ్మ ఇంక రాష్ట్ర పండుగ కానప్పటి నుంచి తీసిండు. తంగేడు, గునుగు యాడ పూస్తయో ఆయనకు ఎరుకే. నువ్వు మెచ్చుకునే ఆ ఫొటోలు సెలవు దినాలల్ల వచ్చినవి కావు.

నేను: ఆయన ఇక్కడివాడు. అందరూ తమ ఊరినే తీయాలంటే ప్రయాణమే వద్దనాలి. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వియన్నా నుంచి వచ్చాడు. బయటివాడే. 1940లలో ఆయన తీసిన ఫొటోలు లేకపోతే ఆనాటి గోండుల జీవితం మన కళ్లకు కనిపించేదా?

చిన్నాయన: మంచి మనిషిని తెచ్చినవ్. 1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీము అమరుడైనంక, గోండుల గోస ఏందో చూసి చెప్పుమని నిజాం సర్కారు ఆయనను పెట్టుకున్నది. మార్లవాయిల గుడిసె ఏసుకొని ఉన్నడు. గోండి నేర్చుకున్నడు. గోండు సార్లకు శిక్షణ బడి పెట్టించిండు, భూములకు పట్టాలిప్పించిండు. ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ పుస్తకం 1948ల వచ్చింది. ఆయన భార్య బెట్టి 1987 జనవరిల హైదరాబాద్‌ల చనిపోతే మార్లవాయిల సమాధి కట్టిన్రు. 1995ల లండన్‌ల పోయిన ఆయన అస్థికలు సుత తర్వాత ఆమె పక్కకే చేర్చిన్రు. ఇప్పటికీ జనవరిల ఆ ఊరోళ్లు వాళ్లను యాది చేసుకుంటరు. బయటోడని ఎవరన్నరు?

నేను: నాకు దొరికేది మూడు రోజుల సెలవు చిన్నాయనా. నేను గుడిసె వేసుకుని ఉండలేను.

చిన్నాయన: నిన్ను ఏండ్లకేండ్లు ఉండుమంటలేను. రెండోసారి పొమ్మంటున్న. నీ ఫొటోలల్ల అన్ని ఊర్లు ఒక్కొక్కసారే ఉన్నయి. ఒక్క ఊరన్న రెండుసార్లు ఉన్నదా?

నేను: లేదు.

చిన్నాయన: మొదటిసారి పోయినోడు యాత్రికుడు. రెండోసారి పోయినోడు చుట్టం. మొదటిసారి తీసిన ఫొటో చేతిల పట్టుకొని పోతే, వాకిట్లనే ఆగనియ్యరు, ఇంట్లకు పిలుస్తరు.

నేను: సరే. మనుషుల సంగతి వింటున్నాను. కానీ గుట్టకూ చెరువుకూ పేరు అడగక్కర్లేదు కదా. అక్కడ నువ్వు నన్ను ఆపలేవు. మన హైదరాబాదు చుట్టూ ఉన్న రాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. వాటిని కంకరకు కొట్టేస్తుంటే 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. ఫొటోలు తీసి, ప్రదర్శనలు పెట్టి, జనాన్ని రాళ్ల మధ్య నడిపించి, ఇవి మన వారసత్వం అని చెప్పారు. కొన్ని రాళ్లు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. మనకు దగ్గరలోని అమీన్‌పూర్ చెరువు చూడు. పక్షులను చూసేవాళ్లు, తీసేవాళ్లు ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లారు. ఏ పిట్ట ఎప్పుడు వస్తోందో ఫొటోలతో సహా చూపించారు. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో నగర ప్రాంతపు చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. పిట్టకు నోరు లేదు, గుట్టకు నోరు లేదు. వాటి తరఫున సాక్ష్యం చెప్పేది ఫొటోనే.

చిన్నాయన: గిది నువ్వు గెలిచినవ్. నేను మొదటిసారి ఈ దిక్కు వచ్చింది 1990లల్ల. నిజాంపేట దాటినంక రెండు దిక్కుల రాళ్లగుట్టలు. ఒకదాని మీద ఒకటి ఏనుగు మీద పిల్ల ఏనుగు కూసున్నట్టు ఉండె. నా దగ్గర కెమెరా ఉన్నది. మనుషులు లేని ఫొటో ఎవరు కొంటరని తియ్యలే. ఇప్పుడు గా గుట్ట యాడుండెనో నేనే చూపలేను. నా యాదిల ఉన్నది గని నా మాట ఎవరు నమ్ముతరు? ఫొటో ఉంటే నమ్మెటోళ్లు.

నేను: ఒప్పుకున్నావు కదా!

చిన్నాయన: ఒప్పుకున్న. అయితే లంబసింగి లాంటి ఊర్లకు మంచు ఫొటోలు చూసి కార్లు వరస కట్టినంక, సీసాలు, ప్లాస్టిక్ ఎవరు ఏరుతున్నరో గా ఊరోళ్లనే అడుగాలె. గుట్టను కాపాడిన ఫొటో ఉన్నది, గుట్ట మీదికి గుంపును తోలిన ఫొటో ఉన్నది. తీసినోడు ఏది చేస్తున్నడో ఎరుక ఉండాలె. ఇగ నా ఆఖరి ప్రశ్న. గటు చూడు, పక్క స్థలంల లేస్తున్న టవరు. పదహారో అంతస్తు సెంట్రింగ్ మీద మనుషులు కనబడుతున్నరా?

నేను: కనిపిస్తున్నారు.

చిన్నాయన: యాడోళ్లు వాళ్లు?

నేను: బిహార్, ఒడిశా, జార్ఖండ్... ఆ రేకుల షెడ్లలో ఉంటారు.

చిన్నాయన: దీపావళి అయినంక ఆరు దినాలకు వాళ్ల ఆడోళ్లు చెరువు ఒడ్డుకు పోయి, నడుముల లోతు నీళ్లల్ల నిలబడి, పొద్దుగూకంగ ఒకసారి, పొద్దు పొడువంగ ఒకసారి సూర్యునికి అర్ఘ్యం ఇచ్చిన్రు. ఛఠ్ పండుగ. గోధుమపిండి, బెల్లం కలిపి నెయ్యిల కాల్చిన ఠేకువాలు చాటల పెట్టుకొని వచ్చిన్రు. నేను పొద్దున నడువ పోయి చూసిన. ఒకామె నా చేతిల రెండు ప్రసాదంగ పెట్టింది. మన అరిసె లెక్కనే ఉన్నది, కొంచెం గట్టిగ. పండుగ, నీళ్లు, పొద్దు పొడుపు, తిండి, మనుషులు. నువ్వు వెతికేటియన్ని నీ ఇంటి కిందనే ఉన్నయి. నువ్వు సుమారు 300 కిలోమీటర్లు పోయి తీసినవ్. నీ ఇల్లు కట్టిన చేతులను తీసినవా?

(నా దగ్గర జవాబు లేదు. ఆ వారం నేను ఆదిలాబాద్ ఫొటోలకు రంగులు సరిచేసుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. చెరువు ఇంటి నుంచి నడిచే దూరమే.)

నేను: తీయలేదు. దగ్గరివాళ్లు నాకు ఫొటోలా కనిపించలేదు. నీకు నానమ్మ చేతులు కనిపించనట్టే.

చిన్నాయన: మనిద్దరి తప్పు ఒక్కటే బిడ్డా. నాకు పనికొచ్చేది ఒకటున్నదని ముందే అనుకొని, గదే చూసిన. నువ్వు సుత గంతే.

నేను: అయినా ఒక్క విషయంలో నేను నీతో ఏకీభవించలేను. అడిగి తీస్తే మొహం బిగుసుకుపోతుంది. నీ స్టూడియో ఫొటోలన్నీ అలాగే ఉన్నాయి. అడగకుండా తీసిన దాంట్లోనే మనిషి సహజంగా ఉంటారు.

చిన్నాయన: రాజా దీన్‌దయాళ్ పేరు విన్నవా?

నేను: ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్.

చిన్నాయన: 1892ల ఆయన హైదరాబాద్‌ల జనానా స్టూడియో పెట్టిండు. పరదా పాటించే ఆడోళ్ల కోసం. చుట్టు ఎత్తు గోడలు. లోపట పనిచేసేది ఆడోళ్లే, ఫొటో తీసేది సుత ఒక దొరసానే. మొఖం ఎవరిదో, వాళ్ల ఇష్టం ఎంతవరకో, గంత కాడికే కెమెరా పోవాలని 130 ఏండ్ల కిందనే మన ఊర్ల ఒకాయనకు తెలుసు.

నేను: అది నవాబుల ఇళ్ల ఆడవాళ్లకు. పేద ఆడవాళ్ల కోసం ఎవరు గోడ కట్టారు?

చిన్నాయన: గదే నేనూ అడుగుతున్న. ఉన్నోళ్లకు గోడ కట్టినం. గూడెంల ఆమెకు గోడ లేదు గనుక అడుగుడు అవసరం లేదనుకున్నం. మొఖం బిగుసుకుంటదంటవా, నిజమే, బిగుసుకుంటది. అడిగి, గంటసేపు కూసో. వాళ్ల పని వాళ్లు చేసుకుంటరు, నిన్ను మరిచిపోతరు. అప్పుడు తియ్యి. ఇందాక మీ పెద్దమ్మ చేతిని అడిగే తీసినవ్ కదా. ఆఖరి మూడు ఫొటోలు చూడు. ఆమెకు నువ్వున్నట్టే యాదికి లేదు.

నేను: (చూశాను. నిజమే.) సరే. నాగోబాకు వెళ్లమంటావా, వద్దంటావా?

చిన్నాయన: పో. ఎందుకు పోవద్దు? మెస్రం వంశపోళ్లు పాదయాత్ర చేసి గోదావరి నీళ్లు తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తరు. కొత్త కోడండ్లను దేవునికి చూపించి వంశంల కలుపుకుంటరు, భేటింగ్ అంటరు దాన్ని. ఏది తియ్యొచ్చు, ఏది తియ్యొద్దు అని ముందుగాల వంశం పెద్దమనుషులను అడుగు. వద్దన్న కాడ కెమెరా సంచిల పెట్టి, చేతులు జోడించి నిలబడు. గా దృశ్యం నీ ఒక్కదానికే మిగులుతది. మిగలనియ్యి. అన్ని ఫొటో కావాలని లేదు.

వాదన అక్కడ ముగిసింది. సకినాలు డబ్బాల్లోకి వెళ్లాయి. ఒక డబ్బా పక్క టవరు రేకుల షెడ్లకు పంపింది అమ్మ. కెమెరా లేకుండా నేనే తీసుకెళ్లాను. డబ్బా అందుకున్నామె పేరు అడిగి తెలుసుకున్నాను. వచ్చే ఛఠ్‌కు చెరువు దగ్గరికి రమ్మంది.

ఆ సాయంత్రం దీపావళి ఫొటోల్లోంచి మొహాలు స్పష్టంగా ఉన్నవి ఏరాను. నలభై మూడు తేలాయి. నిజాంపేట రోడ్డు మీది కలర్ ల్యాబ్‌లో అన్నీ పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించాను. కెమెరాకు పెట్టిన డబ్బుతో, ఒక ప్రయాణానికి అయ్యే పెట్రోలుతో పోలిస్తే అది లెక్కలోకి రాని ఖర్చు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ ఖర్చు పెట్టలేదు. రాత్రి చిన్నాయన తన పాత రీటచింగ్ పెన్సిల్ తీసి, ఒక్కో ప్రింటు వెనక ‘పేరు’, ‘ఊరు’ అని రాసి, పక్కన చోటు వదిలాడు. ఆ చోటు నింపాల్సింది నేను.

ఫొటో తీయడం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. నానమ్మ చేతులు, నిజాంపేట దాటాక ఉండిన రాళ్లగుట్ట తీసేవాళ్లు లేకనే పోయాయి. కానీ మనిషి ఫొటో క్లిక్‌మన్న చోట పూర్తికాదు. ఆ మనిషి పేరుతో, ఆ మనిషి ఇంటికి చేరినప్పుడు పూర్తవుతుంది. మీ ఫోన్లో కూడా ఏదో జాతరలో, ఏదో ఊరి పొయ్యి దగ్గర, ఏదో చెరువు గట్టున తీసిన మొహాలు ఉండే ఉంటాయి. ఈ పండుగకు అందులో ఒక్కటైనా ప్రింటు వేయించి, ఎవరిదో వాళ్లకు చేర్చండి.

కేస్లాపూర్‌కు పోయే ముందు నేను ఆ గూడెంలో ఆగుతున్నాను. సంచిలో పైన ఫొటోల కవరు ఉంది, కింద కెమెరా ఉంది.